తవుటికి అమ్మిన పిల్ల

1949 ఫిబ్రవరి 6, కోదాడ

మంచం దిగనివ్వకపోతే ఏం చేయను, రాస్తున్నాను. మునగాల నుంచి కాపురానికి వచ్చేటప్పుడు నాన్న పెట్టెలో పెట్టిన తెల్ల కాగితాల పుస్తకం ఇది. ఆయన బడిపంతులు. తల్లి లేని పిల్లనని దగ్గర కూర్చోబెట్టుకుని అయిదో తరగతి దాకా చదివించాడు. ఆ చదువుతో ఈ ఇంట్లో ఎవరికీ పని పడలేదు. అత్తకు అక్షరం రాదు. ఈయన బియ్యం మిల్లులో గుమాస్తా, ఇల్లు చేరేసరికి కళ్ళనిండా దుమ్మే. కాబట్టి నేను రాసుకున్నది నేనే చదువుకోవాలి.

పిల్లకు మూడో నెల వచ్చింది. పిల్ల బాగుంది. మొదటి పిల్లవాడూ, తరువాత పుట్టిన ఆడపిల్లా ఈ మూడో నెలలోనే పోయారు గనక ఇంట్లో వాళ్ళు దీన్ని కంటి మీద రెప్ప వేయకుండా చూస్తున్నారు. నాకు మాత్రం భయం లేదు. బాగానే ఉంది.

ఫిబ్రవరి 8

బాలింత పథ్యం నా ప్రాణం తీస్తోంది. అందరికీ నెల, మహా అయితే నెలన్నర. ఆ ఇద్దరి కాన్పులకూ మూడు నెలలు పెట్టినా పిల్లలు పోయారని అత్త ఈసారి ఎండాకాలం దాకా పెడతానంది. పప్పు వద్దు, వాతం. ఆకుకూర వద్దు, బిడ్డకు విరేచనాలు. పెరుగు వద్దు, జలుబు. దాహమేస్తే గుక్కెడు నీళ్ళు. తెల్లటి అన్నం, వెల్లుల్లి కారం, ఒక చుక్క నెయ్యి. పొద్దునా అదే, సాయంత్రమూ అదే.

అన్నమంటే మామూలు అన్నమా? ఈయన షావుకారును బతిమాలి, పాత ధాన్యం ఏరించి, మిల్లులో రెండుసార్లు పాలీషు పట్టించి తెస్తారు. గచ్చు మీద పోస్తే సున్నం అనుకోవాలి. అత్త వాటిని నీళ్ళు తేటపడే దాకా కడుగుతుంది. ఉడికాక గంజి చుక్క మిగలకుండా వార్చి గేదె కుడితిలో పోస్తుంది. మెతుకుకు మెతుకు అంటదు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి నా కంచం చూసి, కోడలికి ఇంత చేసే అత్త ఎక్కడ ఉంటుంది అని పోతారు. అత్త వినీ విననట్టు కొంగు సర్దుకుంటుంది. తాను మాత్రం పొయ్యి పక్కన కూర్చుని జొన్న గట్క, ఇక్కడివాళ్ళు పుంటికూర అనే గోంగూర తింటుంది. ఆ పులుపు వాసనకు నా నోట్లో నీళ్ళు ఊరతాయి. నిన్న సిగ్గు విడిచి అడిగాను. ఇద్దరిని మన్నుల పెట్టినా నోరు కట్టుకోవడం రాలేదా అంది. ఇంక అడగను.

కాళ్ళు ఊరికే తిమ్మిరెక్కుతున్నాయి. మంచం దిగితే నేల తగిలిందో లేదో తెలియడం లేదు. కూర్చుని కూర్చుని అయి ఉంటుంది. లేచి తిరుగుతాను, అత్త అరుస్తుంది, మళ్ళీ కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను.

ఫిబ్రవరి 11

ఇవాళ పిల్లను అమ్మేశాం.

కొన్నది కొమురమ్మ. మిల్లులో బియ్యం చెరిగే మనిషి, మా పెరటి దడికి అవతలే గుడిసె. ఆమెకు పుట్టిన వాళ్ళందరూ బతికారు. నా కాన్పుకు కాస్త అటూ ఇటూగా ఆమెకూ కొడుకు పుట్టాడు. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను, పిల్లలు దక్కిన తల్లికి తవుటికి అమ్మాలట. ఇంత చవక సరుకు మనకెందుకని మృత్యువు వదిలేసి పోతుందట. చేటలో పాత గుడ్డ పరిచి పిల్లను వాకిట్లో పెట్టారు. కొమురమ్మ మిల్లు నుంచి ఒడినిండా తవుడు తెచ్చి అత్త గంపలో పోసింది. పిల్లను ఎత్తుకుని వీధి చివరి దాకా పోయి, తిరిగి వచ్చి నా చేతిలో పెట్టింది.

"నా బిడ్డనమ్మా, నీ దగ్గర సాకబెడుతున్న. మంచిగ సూసుకో" అంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. పేరు తవుటమ్మ అట. నాన్న వింటే ఏమంటాడో. బడిపంతులు మనవరాలు తవుటమ్మ.

గంపలో తవుడు గేదెకు పెట్టారు. అది మూతంతా పూసుకుని చప్పరించుకుంటూ తింది.

ఫిబ్రవరి 12

తవుటమ్మా అని పిలిస్తే నవ్వింది. పిచ్చిది.

ఫిబ్రవరి 14

పిల్ల గొంతు కాస్త బొంగురు పోయింది. జలుబే. మొన్న అత్త చూడకుండా చెంబెడు నీళ్ళు తాగాను, అందుకే. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నెయ్యి కూడా వద్దన్నాను, వట్టి అన్నమూ కారమే తిన్నాను. ఇంక పథ్యం తప్పను. జలుబు రెండు రోజుల్లో తగ్గుతుంది.

ఫిబ్రవరి 15

పాలు తాగినవి తాగినట్టే కక్కుతోంది. మొహం నిండుగా కనిపిస్తోంది. ఒళ్ళు చేసిందని అత్త దిష్టి తీసింది. నేనూ ఒళ్ళు చేసిందనే అనుకుంటున్నాను.

దడి అవతల కొమురమ్మ కొడుకు పొద్దుటి నుంచి ఒకటే అరుపు. వాడి గొంతు మిల్లు ఇంజను కంటే పెద్దది. వాడి తల్లి ఏం తిని వాడికి పాలిస్తుంది? గట్క, ఇంత చింతపండు పులుసు. పనికి పోయి వచ్చి చెమటతోనే పాలిస్తుంది. ఏ పథ్యమూ లేదు. వాడు నోరు మూస్తే బాగుండు అనుకున్నాను. పసివాడిని అలా అనుకోవచ్చా? అనుకున్నాను, ఏం చేయను.

ఫిబ్రవరి 17

ఈయన మిర్యాలగూడ పోయారు. అక్కడ గోదాములో బియ్యం బస్తాలు లారీలకు ఎక్కించాలి. లారీలు ఎప్పుడు దొరుకుతాయో తెలియదు, ఎప్పుడు వస్తారో తెలియదు. ఉన్నా అత్త మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు.

పిల్ల రొప్పుతోంది. పొద్దున అత్త పొయ్యిలో పసుపు కొమ్ము కాల్చింది. పొట్ట మీద వాత పెడితే ఎగశ్వాస తగ్గుతుందంది. ఆ ఇద్దరికీ పెట్టింది. ఆ వాసన నాకు ఇంకా గుర్తుంది. పిల్లను ఒళ్ళో దాచుకుని ముట్టుకుంటే ఊరుకోనన్నాను. అత్తతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె పట్టకారు కింద పెట్టి, నా వంక చూసి, మరి ఏం చేస్తావు అని అడిగింది. ఏం చేస్తానో నాకు తెలియదు.

ఫిబ్రవరి 18

పిల్ల నోరు తెరిచింది. మొహం ఎర్రబడింది. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. చప్పుడు లేదు.

సూర్యాపేట మిషను దవాఖానకు పోతాను. అత్త రాకపోతే ఒక్కదాన్నే పోతాను.

ఫిబ్రవరి 20, సూర్యాపేట

పిల్ల ఉంది. ముందు అది రాసి తరువాత తక్కినది రాస్తాను.

మొన్న మిల్లు లారీ సూర్యాపేట మిలిటరీ క్యాంపుకు బియ్యం తీసుకుపోతుంటే డ్రైవరును బతిమాలి ఎక్కాను. దవాఖానకు చావడానికి పోతారు గాని బతకడానికి కాదని అత్త పొద్దుటి నుంచి అంటూనే ఉంది. లారీ కదిలేసరికి చంకలో మూటతో పరుగెత్తుకుంటూ వచ్చి తానూ ఎక్కింది. మూటలో ఏముందని అడిగితే, నాకు పథ్యానికి బియ్యమట. నాకు మండిపోయింది. బస్తాల మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం.

మునగాల దాటాక మిలిటరీ వాళ్ళు ఆపారు. కమ్యూనిస్టు దళాల వాళ్ళకు బియ్యం చేరేస్తున్నారని అనుమానం. కిందికి దిగమన్నారు, మూటలు విప్పమన్నారు. నాన్న ఇల్లు అంత దగ్గరలో ఉంది, కబురు పంపే దారి లేదు. సిపాయి నా ఒళ్ళో గుడ్డ కూడా తీయమన్నాడు. అత్త తానే తీసి చూపించింది. అప్పుడు పిల్ల ఏడుస్తోంది. పెదవులు నల్లబడి, నోరు బార్లా తెరిచి, ఒళ్ళంతా బిగబట్టి ఏడుస్తోంది, వినబడటం లేదు. ఆ సిపాయి వంగి కాసేపు చూశాడు. అతనికి ఏం అర్థమైందో, వాళ్ళ భాషలో ఏదో అని లారీని పొమ్మన్నాడు.

దవాఖానలో సువార్తమ్మ అనే నర్సు పిల్లను చూసీ చూడగానే నా చేతిలో నుంచి లాక్కుని లోపలికి పరుగెత్తింది. డాక్టరమ్మ వచ్చి గుండె మీద గొట్టం పెట్టింది. పొట్టి మనిషి, నిద్ర లేని మొహం, మాట కృష్ణా జిల్లా వైపుది. పిల్ల తొడకు సూది వేసింది. ఆ తరువాత నా కాళ్ళు నొక్కి, తిమ్మిర్లు ఉన్నాయా అని అడిగింది. పిల్లను చూపించడానికి వస్తే నా కాళ్ళు ఎందుకని విసుక్కున్నాను. ఏం తింటున్నావమ్మా అంది. నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. ఎంత పాత బియ్యమో, ఎన్నిసార్లు పాలీషు పట్టించిందో, ఎన్ని నీళ్ళు కడుగుతుందో, గంజి ఎట్లా వారుస్తుందో, పప్పు గింజ కూడా ఎట్లా తగలనివ్వదో, అన్నీ చెప్పింది. పేదింటి పిల్లలా చూడలేదని, మా ఇంట్లో లోటు లేదని చెప్పింది. మూట విప్పి బియ్యం కూడా చూపించింది.

డాక్టరమ్మ ఆ బియ్యం దోసిట్లోకి తీసుకుని, ముందు పిల్లలు ఉన్నారా అని మెల్లగా అడిగింది. ఇద్దరు పోయారన్నాను. గొంతు పోయిందా వాళ్ళకు కూడా? పోయింది. ఆమె బియ్యం మళ్ళీ మూటలో పోసి కట్టింది.

తరువాత చెప్పింది. తిండిలో కంటికి కనబడని సారాలు కొన్ని ఉంటాయట, వాటిని విటమిన్లంటారట. ఒకటి తక్కువైతే చీకటి పడగానే చూపు ఆగిపోతుంది, ఇంకొకటి తక్కువైతే చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది. బి అనేది వడ్లగింజ మీద పొరలో ఉంటుంది. తిన్న తిండి ఒంటికి శక్తిగా మారాలన్నా, నరాలు పనిచేయాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అది కావాలి. మిల్లు ఆ పొరను గీకేస్తుంది. మిగిలిందేదైనా ఉంటే కడిగిన నీళ్ళలో పోతుంది, అప్పటికీ మిగిలింది గంజిలో పోతుంది. నా ఒంట్లో లేదు గనక పాలలో లేదు. పాలలో లేదు గనక పిల్ల గుండె ఉబ్బింది, గొంతు పలికించే నరం చచ్చుబడింది.

"గీకేసింది ఎక్కడికి పోతుందమ్మా?" అని అడిగాను.

"తవుట్లోకి" అంది డాక్టరమ్మ.

అత్త లేచి వరండాలోకి పోయింది.

సాయంత్రానికి పిల్ల రొప్పు తగ్గింది. పెదవులు ఎర్రబడ్డాయి. నాకూ సూది వేశారు. కొన్నాళ్ళు పిల్లకు మేకపాలు, నా పాలు పిండి పారబోయాలి.

ఫిబ్రవరి 21

అంటే ఆ ఇద్దరూ

ఫిబ్రవరి 22

పారబోస్తున్నప్పుడు చూశాను. తెల్లగా, చిక్కగా, మంచి పాలలాగే ఉన్నాయి. వాళ్ళు ఆకలైనప్పుడల్లా నా రొమ్ము వెతుక్కునేవారు. నేను ఇచ్చేదాన్ని.

అత్త వరండాలోనే ఉంటోంది. సువార్తమ్మ పప్పూ తోటకూరా కలిపి పెడితే నేను తింటుంటే ఇటు చూడటం లేదు. ఆ బియ్యం మూట తల కింద పెట్టుకుని పడుకుంటోంది. ఆమెతో ఒక మాట అనాలి. ఆ మాట మనసులో తయారవుతోంది. ఇక్కడ పదిమందిలో కాదు, ఇంటికి పోయాక.

ఫిబ్రవరి 25

పిల్ల కూత పెట్టింది. తలుపు కిర్రుమన్నట్టు, అంతే. నా భ్రమేమో అనుకున్నాను. మళ్ళీ పెట్టింది. భ్రమ కాదు.

మార్చి 1, కోదాడ

ఇల్లు చేరాం. ఈయన నిన్ననే మిర్యాలగూడ నుంచి వచ్చారట. పిల్లను చూసి ఏడ్చారు. డాక్టరమ్మ చెప్పిందంతా విని ఏడుపు ఆపేశారు.

"ఈ ముచ్చట బయట అనకు. మిల్లు బియ్యం తింటే పిల్లలు సస్తరని షావుకారు చెవిన పడితే నా నౌకరి ఖతం" అన్నారు.

ఊరంతా అదే బియ్యం తింటున్నారు, అందరూ చస్తున్నారా అని కూడా అన్నారు. అందరూ పప్పూ కూరా తింటారు, నాకే నోరు కుట్టేశారు అన్నాను. కండువా దులుపుకుని మిల్లుకు పోయారు. ఆయన మీద కోపం కూడా రావడం లేదు. ఉన్న కోపమంతా అత్త కోసం దాచిపెట్టాను.

మార్చి 3

ఒక చోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి పోతాను, అత్త ఉంటుంది, వెనక్కి వస్తాను. అనాల్సిన మాట నోటిదాకా వస్తుంది. నీ తెల్లన్నమే నా ఇద్దరినీ తిన్నది. ఇదీ మాట. రాసి చూసుకున్నాను. ఇంతకంటే చిన్నగా చెప్పలేను, ఇంతకంటే పెద్దదీ అక్కరలేదు.

అత్త నాతో మాట్లాడటం లేదు. పప్పు వండి నా ముందు పెట్టి పోతుంది. తవుటి మాట ఎత్తడం లేదు. రోజూ కాస్త తవుడు వేయించుకుని తినమంది డాక్టరమ్మ. గొడ్ల తిండి కోడలికి పెట్టిందని వీధిలో అనుకుంటారని భయం కాబోలు. ఆ వీధి మెప్పు కోసమే కదా ఇంత జరిగింది.

మార్చి 4

ఇవాళ కూడా అనలేదు. రేపు.

మార్చి 6

పొద్దున ఎండలో కూర్చుని పిల్లకు నూనె రాస్తున్నాను. అత్త వచ్చి ఒక గిన్నె నా ముందు పెట్టింది. జల్లించి, దోరగా వేయించి, బెల్లం కలిపిన తవుడు. అందరూ చూస్తుండగా తానే మిల్లుకు పోయి అడిగి తెచ్చుకుందట. నేను గిన్నె ముట్టుకోలేదు. ఈయన లేరు, ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. అనాల్సింది ఇప్పుడే అనుకుని తలెత్తాను.

అత్త గోడకు ఆనుకుని కూలబడి ఉంది. "వెంకటేశానికి ముంగట నాకు నలుగురు" అంది.

ఈయన కంటే ముందు నలుగురు పుట్టిన సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె గాని ఈయన గాని ఎప్పుడూ చెప్పలేదు. మోతె అనే ఊళ్ళో అప్పుడు వాళ్ళకు గాదెల నిండా వడ్లు ఉండేవట. ఈమె కాన్పయిన ప్రతిసారీ ఈమె అత్త పాత వడ్లు తీసి, కూలివాళ్ళ చేతికి ఇవ్వకుండా తానే మూడుసార్లు దంచి, తవుడు జాడ లేకుండా చెరిగి, గంజి వార్చి పెట్టేదట. నలుగురూ మూడో నెలలోనో నాలుగో నెలలోనో పోయారు. ఆ తరువాత కరువు వచ్చింది. ఆ అత్త పోయింది, గాదెలు ఊడ్చుకుపోయాయి. ఆ ఏడు ఈయన పుట్టారు. పథ్యం పెట్టే దిక్కు లేక ఈమె బాలింత ఒంటితోనే కూలికి పోయి, గట్కా, చేలో పీక్కొచ్చిన చెంచలి కూరా తిని పాలిచ్చిందట.

"కలిగిననాడు పుట్టినోళ్ళు పోయిండ్రు. కరువుల పుట్టినోడు బతికిండు. గా డాక్టరమ్మ చెప్పిన కాడికెళ్ళి మనసుల గదే తిరుగుతున్నది" అంది. మళ్ళీ తానే, "మా అత్త శాన మంచిది పిల్లా. కన్నతల్లి సుత గంత సేవ చెయ్యదు" అంది.

నా మాట నా నోట్లోనే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక వేరే మాట అడిగాను. "వాళ్ళకు కూడా గొంతు పోయిందా అత్తా?"

ఆమె పిల్ల కాళ్ళకు అంటిన నూనెను తన అరచేత్తో తుడుస్తూ కూర్చుంది.

"ఏమో. మా పెద్దోడు ఆఖరికి సప్పుడే చెయ్యకపోయేటోడు. బుద్ధిమంతుడు, పండుకున్నడు అనుకున్న. నేను వడ్లు ఎండబోసుకుంట ఆడనే ఉన్న."

తవుడు తిన్నాను. బెల్లం కలిపినా గరుకుగానే ఉంది, గొంతులో పట్టుకుంటుంది. అత్త లేచి నీళ్ళు తెచ్చింది, చెంబు నిండా. అంతలో పిల్లకు ఆకలై ఏడుపు మొదలుపెట్టింది. ముందు బొంగురుగా, తరువాత గట్టిగా, దడి అవతలికి వినబడేటంత గట్టిగా. ఎత్తుకోవడానికి నేను చేతులు చాపాను, అత్తా చాపింది. ఇద్దరం ఆగిపోయాం. దాన్ని కాసేపు అట్లాగే ఏడవనిచ్చి విన్నాం.